సగం రేసు

“మళ్ళీ ఎందుకు ఆపావు?”

“చల్లబడాలి అత్తా. కొత్త పిస్టన్లు.”

“చల్లబడాలంట! కనురెప్పల మీద మంచు కడుతుంటే ఇంకా ఏం చల్లబడాలి?”

కుస్కోక్విమ్ నది గడ్డకట్టి దారైంది. మంచుబండి తోలుతున్నది నికిఫర్. దాని వెనక కట్టిన చెక్కబండిలో చర్మాలు కప్పుకుని అతని భార్య ఒలింకా, పక్కన ఆమె తల్లి అగ్రఫేనా ఉన్నారు. పొగమంచుకి విమానం రాలేదు. ఒలింకాని కాన్పు కోసం పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోతున్నారు.

“బయట చలి వేరు, సిలిండర్ లోపల వేడి వేరు. కొత్త రింగులు గోడకి సర్దుకోవాలి. మొదటి ట్యాంకు అయ్యేదాకా బొటనవేలి కింద మీట సగమే నొక్కాలి, సగం రేసు దాటకూడదు. మధ్యమధ్య ఆపాలి.”

“కిందటిసారి సర్దుకోనిచ్చావా?”

“అది తవ్వకు.”

“తవ్వకేం? దుప్పి కనబడగానే పూర్తిగా నొక్కేశావు. ఇంజను బిగుసుకుని పట్టేసింది. తుపాకీ భుజానేసుకుని నడిచొచ్చావు. దుప్పి నవ్వుకుంటూ పోయింది.”

“అందుకేగా ఇప్పుడు ఊపిరి బిగబట్టి తోలుతున్నా. వారమంతా వంటింట్లో ఇంజను పరుచుకుని…”

“నా పులుసు గిన్నెలో పిస్టన్ కడిగావు.”

“తోమి ఇచ్చాగా.”

“ఇప్పటికీ చేపలకి పెట్రోలు వాసనే.”

“ఒలింకా! ఎట్టా ఉన్నావే?”

“బాగానే ఉన్నా. చల్లబడిందా?”

“ఆ గొంతేంటి?”

“చర్మం నోటికి అడ్డమొచ్చింది. పోనియ్యి, నికిఫర్.”

“అత్తా, దాని గొంతు…”

“కుదుపులకి నడుం పట్టేసింది. నెలలు నిండినది పాటలు పాడుతుందా? ప్లగ్గు చూశావా?”

“చూశా. కాఫీ రంగులో ఉంది. తెల్లబడితేనే భయం, లోపల వేడెక్కిపోయిందని.”

“తెల్లబడలేదుగా. తాడు లాగి బండి తియ్యి.”

“నొప్పులేమైనా…”

“ఇంకా టైముందని నర్సమ్మ చెప్పిందిగా. బండి సంగతి నువ్వు చూసుకో, నా కూతురి సంగతి నేను చూసుకుంటా.”

రెండోసారి, దారి గుర్తుకి కొమ్మలు పాతిన మలుపు దగ్గర ఆపాడు.

“ఇక్కడ వద్దు! ఇక్కడెందుకు ఆపావు?”

“మంచు మీదికి నీళ్ళొచ్చాయి అత్తా. ఒడ్డు పక్కనే పోవాలి. ముందు నడిచి, గునపంతో పొడిచి చూసొస్తా.”

“తొందరగా రా.”

“…వచ్చా. గట్టిగానే ఉంది. ఒలింకా, ఇంకెంతో దూరం లేదులే. ఒలింకా?”

“పడుకుంది.”

“ఇంత కుదుపులోనా?”

“పడుకుందన్నానా? బండి తియ్యి.”

“కాస్త వేడెక్కనీ. చల్లటి ఇంజన్ని వెంటనే నొక్కినా పట్టేస్తుంది.”

“ఇందాక చల్లబడాలన్నావు, ఇప్పుడు వేడెక్కాలంటావు! అది ఇంజనా, కొత్త పెళ్ళికొడుకా?”

“నీ చేతి తొడుగులేవి?”

“ఆఁ?”

“ఉత్తచేతులతో ఉన్నావు. ఈ చలిలో.”

“టీ ఒలికింది. తడిశాయి.”

“ఫ్లాస్కు నా సీటు కింద ఉందిగా అత్తా.”

“నా మొహం చూడకు. ఇంజను చూడు.”

“ఏదో దాస్తున్నావు.”

“ఈ నది మీద దాయడానికి చోటెక్కడుంది?”

“అదిగో! మూలిగింది. విన్నా.”

“నది. మంచు బిగుసుకుంటోంది.”

“నది మూలుగు నాకు తెలీదా? పుట్టింది దీని ఒడ్డునే. అత్తా, పూర్తిగా నొక్కేస్తా. పొద్దు వాలకముందే చేరిపోతాం.”

“నొక్కితే ఏమవుతుంది?”

“తొందరగా చేరతాం.”

“చెప్పు. వారమంతా నాకు పాఠం చెప్పావుగా. నొక్కితే?”

“పట్టేయొచ్చు.”

“పట్టేస్తే?”

“ఎవరైనా ఇటు రావచ్చు.”

“ఈ పొగమంచులోనా?”

“రారు.”

“అందుకని సగం రేసు. నాకు మాటివ్వు, వెనక్కి తిరిగి చూడనని. తిరిగి చూస్తే నీ బొటనవేలు నీ మాట వినదు.”

“అత్తా, నాకు భయమేస్తోంది.”

“నాకు లేదనుకుంటున్నావా? భయపడుతూనే తోలు. సగం రేసులో భయపడు.”

“పిలిస్తే ఆ చప్పుడులో వినపడదు.”

“పిలవను. నీ వీపు మీద మంచుగడ్డ విసురుతా. అప్పుడు ఆపు. అంతవరకు దుప్పుల మంద అడ్డమొచ్చినా ఆపకు.”

మూడోసారి ఆపించింది అగ్రఫేనాయే.

“ఏమైంది? విసిరావు. ఏమైంది అత్తా?”

“ముందు ఇంజను ఆపు.”

“ఆపా. చెప్పు.”

“అక్కడే ఉండు. ఊపిరి పీల్చు.”

“ఒలింకా! పలకదేం? ఒలింకా!”

“అరవకు.”

“నొప్పులా? ఎప్పట్నించి?”

“ఊరు దాటకముందు నుంచే.”

“ఊరు… నాకు చెప్పలేదేం? ఇద్దరూ కలిసి నాకు చెప్పలేదేం?”

“చెప్తే నొక్కేవాడివి. నీకు చెప్పొద్దని అదే నా చెయ్యి పట్టుకుంది. పళ్ళ మధ్య తోలుముక్క పెట్టుకుని పడుకుంది. అమ్మా, ఆయన వేలు ఆగదే, అంది.”

“తప్పుకో. ఇప్పుడు నొక్కుతా. ఇంజను మొహం మండ! పిస్టన్ కరిగిపోతే కరిగిపోనీ, పెద్ద ఊరి దీపాలు…”

“వద్దు నాయనా. ఇక తొందరేం లేదు.”

“…ఏమన్నావు?”

“తొందర లేదన్నా.”

“అత్తా. ఆ చర్మాల మీద… అది రక్తం.”

“చూడొద్దన్నానా?”

“కళ్ళు తెరవదేం? అత్తా, అది కళ్ళు తెరవదేం? నా వల్లే. ఆ రోజు ఆ పాడు దుప్పి వెంట పడకపోతే, అందరు ఆడవాళ్ళలాగే నెల ముందే ఆసుపత్రి ఊళ్ళో దింపొచ్చేవాణ్ణి. ఇనుముని కాపాడుకుంటూ కూర్చున్నా. సగం రేసులో… దాన్ని సగం రేసులో…”

“నికిఫర్.”

“నా పెళ్ళాన్ని నేనే…”

“నికిఫర్! అది అలిసిపోయి నిద్రపోతోంది. ఏడుపు తర్వాత. కోటు జిప్పు లాగి, నీ కూతుర్ని లోపల గుండెకి ఆనించుకో. వాళ్ళమ్మని చూసుకోవడానికి నాకు రెండు చేతులూ కావాలి.”