ముక్కోపి పాలు చేపడం లేదు

హలో… ఆ, నేనే అత్తయ్యా. మీ కోడల్ని. … మీకున్నది ఒక్క కోడలే కదా, ఏ కోడలని అడుగుతారేంటి?

… బాగానే ఉన్నాం. అందరం బాగానే… లేదు, బాగాలేం. ముందు మీరు చెప్పండి, ఆపరేషన్ చేసిన కన్ను ఎలా ఉంది? … కట్టు విప్పారా. … వంగొద్దన్నారు, బరువులెత్తొద్దన్నారు, సరే. అరవొద్దని ఏమైనా అన్నారా? … ఊరికే అడిగాను. … అనలేదు కదా? హమ్మయ్య.

మీ అమ్మాయి వాళ్లింట్లో ఎక్కడున్నారు మీరు? … హాల్లోనా. పక్కనెవరు? … వియ్యపురాలుగారా. … వియ్యంకులుగారు కూడానా. … అందరూ కూర్చుని టీ తాగుతున్నారా. … అయిపోయింది నా పని.

… చెబుతా, చెబుతా. నేను కొట్టంలో ఉన్నాను, ముక్కోపి పక్కన. మీరు వెళ్లినప్పట్నుంచి పూటపూటకీ తగ్గిస్తూ వచ్చింది, ఇవాళ పొద్దుట్నుంచి చుక్క పాలు చేపలేదండీ. … నిజం. పొదుగు రాయిలా ఉంది, చెయ్యి వేస్తే వేడిగా తగులుతోంది. ఈ పూట కూడా ఇలాగే బిగబడితే పొదుగువాపు ఖాయమన్నారు పశువుల డాక్టరుగారు. మన కొట్టంలో సగం పాలు దీనివే కదా అత్తయ్యా. ఇది పోతే ఇంకేం మిగులుతుంది, బోర్డు మిగులుతుంది. … అదే, గేటుకి కట్టించానే, 'ఆదర్శ పాడిశాల' అని.

… మిగతావి చేపాయి, విసుక్కుంటూనే. ఇదొక్కటే. మీ ముద్దుల కూతురు.

… కడిగాను. గోరువెచ్చటి నీళ్లతోనే. … మెషిన్‌తో రాకపోతే చేత్తో కూడా చూశాను. … దూడనీ వదిలాను. అది తల్లి వైపు కన్నెత్తి చూడలేదు, సీసా కోసం నా జేబులు వెతికింది. పుట్టగానే దూడని వేరుచేసి సీసా అలవాటు చేయాలన్న మహాతల్లి ఎవరంటారు? … ఆ. నేనే.

… పాట కూడా పెట్టాను. నవ్వకండి. డెయిరీ శిక్షణలో చెప్పారని కొట్టంలో స్పీకర్ బిగించాను కదా, వేణువు వింటే ఆవులు హాయిగా పాలిస్తాయని. ముక్కోపి హాయిగా కునుకు తీసింది. నిలబడే.

… మీ అబ్బాయా? ఆయన మీ శాలువా కప్పుకుని, మీ గొంతు పెట్టి తిట్టారు. … ఎవర్నేంటి, నన్నే. ఆవు తన్నింది. అది తన్నకపోతే నేనే తన్నేదాన్ని. ఇప్పుడు మోకాలికి మందు రాసుకుని వరండాలో కూర్చున్నారు. … ఏం కాలేదండీ. ఎవరూ చూడనప్పుడు బాగానే నడుస్తున్నారు.

అందుకే మీకు ఫోన్ చేశాను. మీరు పాలు పితికేటప్పుడు ఏం చేస్తారో తెలుసుగా? … ప్రేమగా మాట్లాడతారా? ఎవరితో? … అత్తయ్యా, మీరు నన్ను తిడతారు. రెండు పూటలా. ముక్కోపి దూడగా ఉన్నప్పట్నుంచి ఆ తిట్లు వింటూ పెరిగింది. దానికదే జోలపాట. 'ఏం కోడలు దొరికిందే నాకు' అని మీరు మొదలుపెడితే చాలు, దాని చెవులు వాలిపోతాయి, పాలు దూకుతాయి.

… రికార్డు చేశాను కదా, మీరు వెళ్లేముందు! ఫోన్ ఎదురుగా పెట్టగానే మీరు గొంతు సవరించుకుని 'మూగజీవాలను ఆదరముతో చూడవలెను' అన్నారు. అది వినిపిస్తే ముక్కోపి వెనక్కి తిరిగి నా మొహం చూసింది, ఎవరీవిడ అన్నట్టు.

కాబట్టి… స్పీకర్‌లో పెడుతున్నా. దాని చెవి దగ్గర పెడుతున్నా. ఇక తిట్టండి.

… అత్తయ్యా! 'బంగారుతల్లీ' ఏంటి? ఏనాడైనా నన్ను అలా పిలిచారా? ఇక్కడ ఆవు బెదిరిపోయింది. … వాళ్లున్నారని తెలుసు. పక్క గదిలోకి వెళ్లండి. … చుక్కలమందు వేశారా, ఇప్పుడప్పుడే లేవకూడదా. … అయితే కూర్చున్నచోటే తిట్టండి.

… పరువా? నా పరువు సంగతేంటండీ? గేటు దగ్గర డాక్టరుగారు సూది పట్టుకుని కూర్చున్నారు. ఆయన తలపైనే నా ఆదర్శం బోర్డు. … పాలు దిగే సూదే. … నాకూ ఇష్టం లేదు. 'ఒకసారి మరిగిందంటే రోజూ సూదే కావాలంటుంది, నా కొట్టంలోకి అది రాకూడదు' అన్నది మీరే కదా. అందుకేగా ఇంత బతిమాలుతున్నా.

డాక్టరుగారూ, ఒక్క నిమిషం! … ఆయనతో అన్నాను, మీతో కాదు.

సరే. మీకు కోపం తెప్పించాలి, అంతేగా. వినండి. నిన్న తడిగడ్డి వేశాను. మంచు ఆరనివ్వకుండానే. … 'పర్లేదమ్మా' నా! … మీ సొట్ట బకెట్ ఉంది చూడండి, ఎవర్నీ ముట్టుకోనివ్వరే, అందులో పూలమొక్క పెట్టాను. అడుగున చిల్లు కూడా పొడిచాను. … 'మంచి పని చేశావు'! అత్తయ్యా, మీరు పళ్లు బిగబట్టి మాట్లాడుతున్నారు, ఇక్కడికి తెలుస్తోంది. ఆ పళ్లు కాస్త వదలండి.

… మీ పీట కాళ్లు కోయించాను, నాకు ఎత్తయిందని. … ఆ. … దానికీ నవ్వేనా. … వియ్యపురాలుగారికి ఇంకో కప్పు టీ కావాలేమో, వంటింట్లోకి పంపి చూడండి. … పంపరా.

… సరే. ఇది మీకు చెప్పకూడదనుకున్నాను. మీ గది… మీ గదిలో దాణా బస్తాలు వేశామత్తయ్యా. … మంచం ఎత్తి గోడకి నిలబెట్టాం. … దాణా గది కప్పు కారుతోంది, ఇంట్లో చెమ్మ లేనిది మీ గదొక్కటే… వింటున్నారా? … అత్తయ్యా? … లైన్లో ఉన్నారా?

… అదీ! అదీ అత్తయ్యా! … అవును, నాకు బుద్ధి లేదు. … మా పుట్టింట్లో ఏమీ నేర్పలేదు, అవును. … ఇంకొంచెం గట్టిగా! … చెవులు వాల్చింది! … దద్దమ్మనే, ఒప్పుకుంటున్నా! … ఉండండి, మెషిన్… వద్దు, చేత్తోనే… వచ్చింది! అత్తయ్యా, వచ్చింది! బకెట్లో పడుతోంది, మీకు వినబడుతోందా? … డాక్టరుగారూ, సూది పెట్టెలో పెట్టేసుకోండి! … ఆయన్ని కాదు అత్తయ్యా, మీరు నన్నే తిట్టండి!

… వియ్యపురాలుగారు కప్పు కింద పెట్టేశారా? … ఇది వైద్యమని చెప్పండి ఆవిడకి.

… ఆ? … గది సంగతి నిజమేనండీ. కోపం తెప్పించడానికి అల్లింది కాదు. … అలా అనకండి. మీకు చోటు లేకపోవడమేంటి? … ఏడవకండి, కంటికి మంచిది కాదు. … అత్తయ్యా, నా మాట వినండి. శిక్షణలో ఒకటే చెప్పారు, డెయిరీ నిలబడాలంటే ఏదీ ఒక్కదాన్ని నమ్ముకోకూడదని. నేను తు.చ. తప్పకుండా చేశాను. మోటారుకి ఇంకో మోటారు. కరెంటుకి జనరేటర్. పచ్చిగడ్డి లేని రోజుకి పాతరేసిన గడ్డి. పాలకేంద్రంవాళ్లు వద్దంటే హోటలువాళ్లు. అన్నిటికీ రెండోది పెట్టాను. మీకే పెట్టలేదు. మీరు ఇక్కడ లేని రోజు ఒకటి వస్తుందని నా బుర్రకి తట్టనేలేదు. బోర్డు కట్టించుకున్న తెలివి ఇది.

… బస్తాలు ఇవాళే తీయిస్తాను. ఎవరు మోస్తారంటే, మోకాలునొప్పి ఉన్నాయనే మోస్తారు. … కప్పు కూడా బాగుచేయిస్తాం. … ఆ గదిలోకి వెళ్లాలంటే నాకే బాగాలేదత్తయ్యా. గోడకి నిలబెట్టిన మంచం చూడలేక, తల దించుకుని దాణా తవ్వుకుని వచ్చేస్తున్నా.

… పాలా? ఇంకాస్తే. … అయిపోయింది. పొదుగు మెత్తబడింది. … చూడండి, అప్పుడే నెమరేస్తోంది, ఏం జరగనట్టు.

ఆపేశారేంటి? … ఆవుకి చాలు, నిజమే. … ఇంకాసేపు తిట్టండి అత్తయ్యా. … ముక్కోపికి కాదు. … నాకే. మీరు వెళ్లినప్పట్నుంచి ఈ కొట్టంలోకి రావాలంటే ఏదోలా ఉంటోంది. ఆ వేణువు వింటే ఏడుపొస్తోంది.

… ఆ. బకెట్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. చిల్లు ఎందుకు పొడిచావని. … ఫోన్ తొట్టి గట్టు మీద పెడుతున్నా. మీరు కానివ్వండి, నేను వింటూ కొట్టం కడుగుతాను.

… గట్టిగా అత్తయ్యా, నేను కొట్టం చివరికొచ్చేశాను, ఇక్కడికి వినబడటం లేదు!