మూడు ఆవులూ నావే

నా పేరు మునిచంద్ర. తండ్రి పేరు గంగాధరం. వయసు నలభై ఏడేళ్ళు. వ్యవసాయం, పాడి చేసుకుని బతుకుతాను. మా ఊరు పూతలపట్టు దగ్గర ఒక చిన్న పల్లె.

ఈ రోజు 2025 జూన్ 23, సోమవారం. చిత్తూరు కోర్టులో మేజిస్ట్రేటు గారి ఎదుట చెబుతున్నాను. నేరం ఒప్పుకుని తీరాలన్న నిర్బంధం లేదని, ఒప్పుకుంటే అది నా మీదకే రావచ్చని వారు హెచ్చరించారు. గంటసేపు బయట కూర్చుని ఆలోచించుకోమన్నారు. కూర్చున్నాను. మళ్ళీ లోపలికి వచ్చాను.

ఊరి పక్క పారే వంక అవతల రెండే రెండు పొలాలు ఉన్నాయి. ఒకటి నాది, రెండోది రూతక్కది. ఆమె వయసు యాభై దాటింది. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఎకరన్నరలో టమోటా, చామంతి, ఉలవలు పెడుతుంది. ఏది అమ్మినా ఆ సాయంత్రమే నోటుపుస్తకంలో రాసుకుంటుంది. నాకు ఆ అలవాటు లేదు.

రాబడి బీమా సంగతి నాకు చెప్పింది ఆమే. అది ఒక పంటకు చేసే బీమా కాదు. చేలో, కొట్టంలో ఏడాది మొత్తం వచ్చిన రాబడికి చేసేది. వెనకటి మూడేళ్ళ సగటు చూసి, ఈ ఏడాది రాబడి అందులో ముప్పావు వంతు కన్నా తగ్గితే, ఆ తగ్గినంత కంపెనీ ఇస్తుంది. మాలాగా నాలుగు రకాలు పెట్టుకునే చిన్న రైతులకే అని చెప్పింది. 2024లో నా ఫారం కూడా ఆమే రాసింది. నేను సంతకం పెట్టాను.

ఈ మార్చిలో టమోటాకు ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని ఇద్దరం కాయల్ని చెట్టు మీదే వదిలేశాం. ఆమె చామంతికి తెగులు కూడా వచ్చింది. ఆమె నష్టం నిజం. నాకు మాత్రం మూడు ఆవుల పాల రాబడి తగ్గలేదు. పాలు కలిపి చూస్తే నాకు రావలసింది ఏమీ లేదు. అందుకని కిందటి జులైలోనే ఆవుల్ని అమ్మేశానని ఈసారి వేరేవాళ్ళతో బీమా అర్జీలో రాయించాను. పాల కేంద్రంలో పాలు నా భార్య సుబ్బులమ్మ పేరున పోసేవాళ్ళం. ఆ పాల లెక్క పుస్తకం దాచాను.

ఏప్రిల్ 10న, గురువారం, కంపెనీ మనిషి చూడడానికి వస్తాడని ఫోను వచ్చింది. పొద్దున ఆరు గంటలకు ఆవుల చెవులకున్న పసుపు రంగు నంబరు బిళ్ళలు కత్తిరించి తీశాను. ఆ నంబరు చూస్తే ఆవు ఎవరిదో తెలిసిపోతుంది. చిన్న ఆవుకు చెవి చీలి రక్తం వచ్చింది. పసుపు అద్దాను. మూడింటినీ రూతక్క ఖాళీ కొట్టానికి తోలుకుపోయాను.

"అక్కా, కొట్టంలో పురుగుల మందు కొడతాండా. సాయంత్రం దాకా ఈడ కట్టేస్తా" అన్నాను.

"కట్టెయ్యి. దీని చెవికేమైందప్పా?" అంది.

"కంచె కంపికి గీసుకునింది" అన్నాను.

ఆమె గిన్నెలో వేపనూనె తెచ్చి పూసింది. తను కూడా బీమాకు అర్జీ పెట్టుకుందని నాకు తెలియదు. అడగలేదు.

పది గంటలకు ఆఫ్తాబ్ అనే సర్వేయరు తిరుపతి నుంచి వచ్చి నా ఖాళీ కొట్టం చూసి ఫొటో తీసుకున్నాడు. తర్వాత నేరుగా రూతక్క పొలానికి పోయాడు. కాసేపటికి నన్ను పిలిచాడు. మూడు ఆవుల ముందు ముగ్గురం నిలబడ్డాం.

"ఈమె కాగితాల్లో ఆవులే లేవు. అడిగితే ఇవి నీవంటాంది. నీవేనా?" అన్నాడు.

"కాదు సార్. జులైలో ఈమెకే అమ్మేసినా" అన్నాను.

రూతక్క నా వైపు చూసింది. నీళ్ళ తొట్టి వైపు పోయి ఆవులకు నీళ్ళు పోసింది. తొట్టి నిండి కింద పారుతున్నా పోస్తూనే ఉంది.

ఆ మాట అన్నాక ఆవుల్ని వెనక్కి తెచ్చుకోలేకపోయాను. పదకొండు రోజులు అవి ఆమె కొట్టంలోనే ఉన్నాయి. మేత ఆమే వేసింది. పాలు ఆమే పిండింది. ఆ పాలు క్యానులో తెచ్చి రెండు పూటలా మా గడప ముందు పెట్టి, పలకరించకుండా పోయేది. నేను తీసుకున్నాను. పదకొండు రోజులూ తీసుకున్నాను. పన్నెండో రోజు ఆవుల్ని తోలుకొచ్చి, రూతక్క దగ్గర తిరిగి కొన్నానని ఊళ్ళో చెప్పాను.

మే 12న నా ఖాతాలో బీమా డబ్బు పడింది. రూతక్క అర్జీ కొట్టేశారు. ఆవులు దాచి మోసం చేసిందని కంపెనీ కేసు పెట్టింది. మే 28న పోలీసులు నన్ను అడిగారు. ఆవులు ఆమెవేనని చెప్పాను. అది అబద్ధం.

ఆ తర్వాత రెండుసార్లు నిజం చెబుదామని ఆమె చేను దాకా పోయాను. ఒకసారి వాన గురించి మాట్లాడి వచ్చాను. రెండోసారి ఆమె వంగి కలుపు తీస్తుంటే వెనక నుంచే తిరిగి వచ్చాను.

జూన్ 17న, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకు రూతక్కే మా ఇంటికి వచ్చింది. చేతిలో కొత్త ఏడాది ఫారం ఉంది.

"శుక్రవారం దాకానే తీసుకుంటారంట. నీ అమ్మకం చీటీలు తే, రాసిస్తా. నా పేరు ఎట్లాగూ తీసేసినారు. నీదన్నా సరిగ్గా ఉండనీ" అంది.

సుబ్బులమ్మ చాప వేసి లోపలికి పోయింది. రూతక్క పొలం రాసింది, టమోటా రాసింది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"ఆవులు ఎన్నని రాయాల?"

"మూడు."

"ఎప్పుడు కొన్నట్టు?"

ఆమె పెన్ను ఎత్తి పట్టుకుని ఉంది.

"కొనింది లేదక్కా. ఎప్పుడూ నావే" అన్నాను.

ఆమె అది రాయలేదు. పెన్నుకు మూత పెట్టింది.

"ఇది నాకు తెలిసిందే కదప్పా. తెలియనోళ్ళకు సెప్పు" అంది. ఫారం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు ఇంట్లోనే ఉన్నాను. పాల కేంద్రానికి కూడా పోలేదు. ఆదివారం సుబ్బులమ్మ నా చొక్కా ఉతికి తీగ మీద ఆరేసి, "రేపు సోమవారం, కోర్టు ఉంటాది" అంది. అందుకని వచ్చాను.

నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. మూడు బిళ్ళలూ, పాల పుస్తకమూ ఇక్కడ అప్పగించాను. బీమా డబ్బు తిరిగి కడతాను. రూతక్క మీది కేసు తీసేయాలని కోరుతున్నాను. నాకు ఏ శిక్ష వేసినా దానికి అడ్డం చెప్పను.

ఇదంతా నా నోటితో నేను చెప్పిందే, జరిగింది జరిగినట్టే చెప్పాను. రాసింది నాకు చదివి వినిపించారు. ఒక చోట "రూతు ఆవులు" అని పడి ఉంటే, కొట్టేసి "నా ఆవులు" అని రాయమని అడిగాను. ఆ దిద్దిన చోట పక్కన కూడా సంతకం పెట్టాను.

(సంతకం) మునిచంద్ర