అత్తయ్య పేరు పెట్టిన పురుగు

పురుగుల శాస్త్రం చదివిన మేనకోడలు గేటు దగ్గర నుంచే కేకేసుకుంటూ వచ్చింది. పెరట్లో మామిడిచెట్టుకి నిచ్చెన వేసి ఉంది. మామయ్య కింద రాలిన ఆకులు ఊడుస్తున్నాడు.

"మామయ్యా, మీ చెట్టు మీద దొరికిన పిండినల్లి కొత్త జాతే! ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు."

"ఒళ్ళంతా తెల్లగా పౌడరు పూసుకుని ఉంది, అదేనా? అచ్చం మీ అత్తయ్యే!"

"అందుకే అత్తయ్య పేరే పెడుతున్నాను."

"పోయిన మనిషికి ఎంత భాగ్యమే! ఆ పురుగు మామిడి మీద బతుకుతుందని నువ్వన్నావుగా, చెట్టు బాగుండాలని పొద్దున్నే దాని మీద మొలిచిన బదనికంతా కొట్టించేశాను. కొమ్మలకి పట్టుకుని చెట్టు రసమంతా పీల్చేస్తోంది, దరిద్రపు మొక్క."

ఆమె నిచ్చెన వైపు చూసింది.

"అంతా కొట్టించేశావా?"

"ఒక్క రెమ్మ కూడా ఉంచలేదు. ఏమే, అలా అయిపోయావు?"

"నేనే పొరబడ్డాను మామయ్యా. ఆకు సరిగ్గా చూడకుండా మామిడి అనేశాను. ఆ పురుగు ఉండేది బదనిక మీదే. చుట్టుపక్కల తోటలన్నీ గాలించాను, ఇంకెక్కడా లేదు."

"కొట్టినదంతా తగలబెట్టేశానే!"

చీపురు ఆగిపోయింది.

"నీ దగ్గర కొన్ని ఉన్నాయిగా?"

"ఉన్నాయి. గాజుపలకల మీద అతికించాను."

"ప్రాణంతోనేనా?"

"కాదు మామయ్యా."

ఆయన మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.

"అయితే ఆ పేరే పెట్టెయ్యమ్మా. దానికీ ఇక పేరొక్కటేగా మిగిలింది."