ముగ్గురికి ఇద్దరు

"ఈ బూట్లు ఎవర్రా?"

"వాళ్ళ డిఫెండర్లు, మాస్టారూ."

"ఎందరు?"

"ఇద్దరు."

"మనం?"

"ముగ్గురం. తెలుసు. చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడక్కండి."

కుతైసి పట్నంలో రగ్బీ ఫైనల్ అయిపోయింది, జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఓడిన జట్టు కోచ్ ముర్మాన్, బాద్రి ఒక్కణ్ణీ బస్సెక్కకుండా ఆపి, గీత దగ్గర బురదలో కూర్చోబెట్టి, ఎదురుగా బూట్లు పేర్చి నిలదీస్తున్నాడు.

"చిన్నపిల్లాడైనా ఇచ్చేవాడురా ఆ బంతి! గీవీ ఒకణ్ణి తన మీదికి లాక్కుని నీకిచ్చాడు. ఇక మిగిలింది ఒక్కడు. నీ పక్కన మా వాజా. వాడి ముందు నరమానవుడు లేడు. కనపడలేదా?"

"కనపడ్డాడు."

"వినపడలేదా? ఇయ్యరా, ఇయ్యరా అని గొంతు చించుకున్నాడు."

"వినపడింది."

"మరి?"

"బంతి జారుతోంది. వాన కదా."

"వాన మీద పెట్టకు! నేనేం నేర్పాను? చెప్పు."

"ఎదుటివాడి మీదికి సూటిగా వెళ్ళాలి. వాడు నన్ను పట్టుకోక తప్పదు అనేదాకా వెళ్ళి, అప్పుడు పక్కవాడికి ఇవ్వాలి."

"ఇచ్చాక?"

"దెబ్బ తినాలి."

"అదీ! ఇదేమన్నా మీ ఊళ్ళో ఈస్టర్ నాడు ఆడే బంతాటనుకున్నావా, కడుపులో పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ పోవడానికి?"

"మా ఊరినేమీ అనకండి."

"ఊరిని కాదు, నిన్నంటున్నా! ఇచ్చుంటే వాడు నడుచుకుంటూ వెళ్ళి గీత అవతల పెట్టేవాడు. లేలో! పాయింట్లు మనవి, కప్పు మనది. ఏడాది కష్టాన్నీ పొట్టకింద పెట్టుకుని బోర్లా పడుకున్నావు కదరా!"

"దెబ్బ తినాలి, దెబ్బ తినాలి! మూడేళ్ళుగా తింటూనే ఉన్నాను మాస్టారూ. నేను పడ్డప్పుడల్లా లేలో మీ అబ్బాయిది. మట్టిలోంచి తలెత్తి చూస్తే అందరూ వాడి వీపు చరుస్తుంటారు. నన్ను లేపే దిక్కుండదు."

"అందుకని?"

"ఆటగాళ్ళ కోసం వచ్చిన ఆ ఫ్రాన్సు క్లబ్బు ఆయన చూస్తున్నాడు కదా."

"చూస్తే?"

"వాజాని తీసుకుపోవడానికే వచ్చాడని ఊరంతా అనుకుంటోంది. ఎంతైనా కన్నకొడుకు, మిమ్మల్ని తప్పు పట్టను. కానీ ఒక్కసారి... ఒక్కసారి నేనే గీత దాటితే, ఆయన కంట్లో పడతానేమోనని..."

"పడ్డావు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? కోటు గుండీలు పెట్టుకుని లేచిపోయాడు."

"వాజాతో మాట్లాడకుండానా?"

"వాజాతో ఆయనకేం పని? పరిగెత్తేవాళ్ళు మా దగ్గర బోలెడుమంది, ఇచ్చేవాడు కావాలన్నాడు. నిన్న మా ఇంట్లో భోజనం దగ్గరే అన్నాడు. మావాడు ఎదురుగానే కూర్చున్నాడు, నోట్లో పెట్టుకోబోయిన ఖాచాపురి రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆయన మాత్రం నీ పేరు సరిగ్గా పలకడం రావాలని నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు."

"నా... నా కోసం వచ్చాడా?"

"లే. బస్సు ఆగదు."

"మాస్టారూ! ముందే ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట, ఒక్క మాట చెప్పుంటే..."

"చెబితే నీ చేతుల్లోంచి బంతి జారుతుందని భయపడ్డాను. చెప్పకపోయినా ఇస్తావనుకున్నానురా."