అద్దాల పెట్టెల గంట

దొంగతనమా? ఏందీ, ఇంకోపాలి చదువు సారూ. "బడి ఆస్తి అయిన ఇత్తడి గంట అద్దాల పెట్టె నుండి అపహరించబడినది." అపహరించబడినదట! నేను చింతపండు పెట్టి తోమిన గంటకు ఎంత పెద్ద మాట రాసిండ్రు.

కూసో సారూ. మండలాఫీసు కెల్లి సాతంరాయిల మా ఇంటి దాంక బండి మీద వచ్చినవ్, దుమ్ము కొట్టుకపోయినవ్. గా కుర్చీ వద్దు, కాలు ఊగుతది. గీ బియ్యం డబ్బా మీద కూసో. ఛాయ్ పెడ్తనుండు. వద్దా? ఎంక్వైరీకి వస్తే ఛాయ్ తాగొద్దని రూలుందా?

సరే, రాసుకో. పేరు ఈరమ్మ. బడిల ఆయమ్మ. పదకొండేండ్లాయె. ఊడ్చుడు, నీళ్లు పట్టుడు, పిల్లలు కక్కుకుంటే కడుగుడు, గంట కొట్టుడు. ఇంకేం జేస్తవంటవా? కంపెనీ సార్లు గూడ గదే అడిగిండ్రు.

గా ముచ్చట నీకు తెల్వదా? శంషాబాద్ల పెద్ద పెద్ద గోదాములున్న కంపెనోళ్లు. బడులల్ల ఎవ్వలు పట్టించుకోని పనోళ్లకు సన్మానం జేస్తమని వచ్చిండ్రు. మా పెద్దమేడం సునీల నా పేరు రాసిచ్చింది. పిల్లలను ఇండ్లకెల్లి తోలుకొస్తదని రాసింది. ఎట్ల తోలుకొస్తదో వాళ్లు అడగలే, ఆమె చెప్పలే. గేటుకు ఫ్లెక్సీ కట్టిండ్రు. నా మొఖం తలుపంత, కింద "మౌన సేవామూర్తి" అని. నేను మౌనంగుంటనా సారూ? నా నోరు నీకు ఇప్పుడే ఎరుకైతుంది గదా!

సన్మానం నాడు గ్రౌండు ఊడ్చింది నేనే. కుర్చీలు మోసింది నేనే. సార్లకు ఛాయ్ పోసింది నేనే. నా పేరు పిలిచే యాళ్లకు రెండో తరగతి పోరి కక్కుకుంటే కడుగుతున్న. "జల్ది చేతులు కడుక్కొని రా, ఫోటోకు లేటయితుంది" అని ఒకటే లొల్లి.

శాలువా కప్పిండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. ఫోటో అయినంక ఒక సారు మెల్లగ చెవుల జెప్పిండు. "అమ్మా, శాలువా జర ఇటియ్యి, ఇంకో బడిల ఇంకో ఆయమ్మ ఎదురుచూస్తుంది." అవ్వా! ఇచ్చేసిన. ఆమెకన్న ఉంచిండ్రో లేదో.

ఇగ అసలు బహుమానం విను. కరెంటు గంట! దానంతటదే మోగుతది. "ఈరమ్మకు ఇగ విశ్రాంతి" అన్నడు కంపెనీ పెద్దసారు. పాత గంటను అద్దాల పెట్టెల వెట్టి, కింద నా పేరు రాయించి, ఆఫీసు రూముల గోడకు బిగించి తాళమేసిండ్రు.

కరెంటు పోయి వచ్చిందంటే ఆ కొత్తదానికి టైం యాది తప్పుతది. మొన్న పదకొండింటికే ఇంటిగంట కొట్టింది. సగం మంది పిల్లలు సంచులేసుకొని ఉరికిండ్రు. వంట జేసే జంగమ్మ గంటె పట్టుకొని వాళ్ల ఎంబడి వడ్డది. నవ్వకు సారూ, ఎంక్వైరీల నవ్వొద్దు.

అసలు సంగతి చెప్పాల్నా? మొదటి గంట నేను బడిల కొట్టను. అవును, రాసుకో. పొద్దుగాల ఎనిమిదిన్నరకు గీ గల్లీలల్ల కొడ్త. సాయంత్రం గంటను సంచిల ఏసుకొని ఇంటికి తెచ్చుకుంట. గట్ల చూస్తే పదకొండేండ్ల సంది దొంగనే!

ఎందుకంటవా? గీడ సగం ఇండ్లోళ్లు రాత్రి డ్యూటీలకు పోతరు. గోదాములల్ల డబ్బాలు మోసెటోళ్లు, ఎయిర్‌పోర్టుల తుడిచెటోళ్లు, క్యాబులు తోలెటోళ్లు. పొద్దుగాల వచ్చి పండుకుంటరు. తల్లి పండుకుంటే పిల్లలు గూడ పక్కలకు జరిగి పండుకుంటరు. లేపెటోళ్లెవ్వలు? నేను గంట కొడ్తే బడి మొదలైందనుకొని చెప్పులు చేతుల పట్టుకొని ఉరుకుతరు. బడికి ఇంకా అరగంట ఉంటది. మోసమే. గది గూడ రాసుకో.

గంట అద్దాల పెట్టెలకు పోయినంక పన్నెండు రోజులు గల్లీల సప్పుడు లేదు. నాలుగో తరగతి సంతోషి ఒక్కనాడు గూడ రాలే. దాని తల్లి ప్రేమలత ఎయిర్‌పోర్టుల రాత్రంత తుడుస్తది. పెద్దమేడం ఎర్ర పెన్ను దీసి, హాజరు పట్టిల సంతోషి పేరు పక్కన "బడి మానేసింది" అని రాయబోతుంది. నా కండ్ల ముందే. "మేడం, రెండు రోజులాగు" అన్న.

పొద్దుగాల పోయి పిలిచిన. ప్రేమలత తలుపు తియ్యకుండనే తిట్టింది. ఎందుకు తిట్టదు? గంట కొడ్తే సర్కారు పిలిచినట్టు. నోటితోని పిలిస్తే ఒట్టి ఈరమ్మ.

ఇగ పెట్టె తాళంచెవి ఎవ్వల దగ్గరుంటది? నా దగ్గరనే. అద్దం రోజూ తుడవాలె గదా!

మొన్న సాయంత్రం గంట దీసి ఇంటికి తెచ్చుకున్న, నిన్న పొద్దుగాల గల్లీల కొట్టిన. సంతోషి ఒక కాలికే చెప్పేసుకొని ఉరికొచ్చింది. నిన్ననే గా కంపెనోళ్లు గూడ పెట్టె ఫోటోకు వచ్చిండ్రు. ఖాళీగుంది. గంతే, నువ్వొచ్చినవ్.

ఇంకోటి చెప్తా, గిది రాసుకోకు. గా పన్నెండు రోజులు నేనెందుకు పోలేదో ఎరుకేనా? నా పేరు గోడ మీద చూసుకొని మురిసిన సారూ. తుడిచిన అద్దమే మల్ల మల్ల తుడిచిన. సన్మానమైన మనిషి గల్లీలెంబడి తిరుగుడేంది అనుకున్న. ఎనిమిదిన్నర దాంక పండుకున్న. ఎర్ర పెన్ను చూసేదాంక ఆ పిల్ల యాదికే రాలే. సిగ్గయితుంది చెప్పుకోనీకి.

గంటనా? జర లే సారూ. నువ్వు కూసున్న డబ్బాలనే ఉంది. దారిల సప్పుడు గావద్దని గా మౌన సేవామూర్తి ఫ్లెక్సీ విప్పి చుట్టిన. తీస్కపోతవా? మరి రేపు పొద్దుగాల సంతోషిని నువ్వొచ్చి లేపుతవా?

సరే, నీ నౌకరి నీది. దొంగ ఈరమ్మ అనే రాసుకో. కాయితానికి ఫోటో కావాల్నంటే గా ఫ్లెక్సీల ఉంది, కోసుకపో. గంట మాత్రం రేపు తొమ్మిది దాటినంక వచ్చి తీస్కపో. అప్పటిదాంక నాకు పనుంది.