ఏకగ్రీవం కాని తీర్మానం

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన దయాసాగర్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఉదయగిరి, కొండాపురం, కలువాయి వైపు నుంచి బస్సులు మారి ఈ ఆత్మకూరు దాకా వచ్చిన మన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారాలు. ముందు వరుసలో కూర్చున్న జాన్‌బీ అక్కకు ఒక నమస్కారం ఎక్కువ. మూడు పల్లెల్లో సారాయి అంగళ్లు మూయించిన మనిషి ఆవిడ. ఆవిడ ఎదురుగా మైకు పట్టుకోవాలంటే నాకు ఇప్పటికీ భయమే. (నవ్వులు)

ఇందాక దయాసాగర్ గారు, "రేణుకాదేవి గారు ముప్పై మూడేళ్లు రాసిన మినిట్స్ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదు" అని మెచ్చుకున్నారు. నిజమే సార్. కొట్టివేతే కాదు, ఒక్క పోట్లాట కూడా లేదు. మన మీటింగులు చూసినవాళ్లు ఎవరైనా ఆ మాట నమ్ముతారా? (నవ్వులు) పోయినేడు ఇదే హాల్లో కుర్చీ పైకెత్తింది ఎవరో నేను చెప్పను. ఆవిడే అందరికంటే గట్టిగా నవ్వుతోంది.

నేను అక్షరాస్యత ఉద్యమంలో వలంటీరుగా ఉదయగిరి కొండ కింద మా పల్లెలో పని మొదలుపెట్టినప్పుడు, మినిట్స్ రాయడం నేర్పిన పెద్దాయన ఒక మాట చెప్పాడు. "జగడాలు రాయొద్దమ్మా. ఆడోళ్ళు నలుగురు చేరితే కొట్లాటేనని ఊరు ఎదురుచూస్తా ఉండాది. మనమే సాక్ష్యం రాసి ఇయ్యాల్నా?" నాకది సబబుగానే తోచింది. అందుకని ఎంత రచ్చ జరిగినా నాది ఒకటే వాక్యం: "సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఇంకో అలవాటు కూడా ఉండేది. ఇంట్లో ఎసరు పెట్టి వచ్చిన ఆడవాళ్లు చివరిదాకా కూర్చోలేరు గనుక, రాగానే ఖాళీ పేజీ కింద వేలిముద్రలు వేయించుకునేదాన్ని. పైన తీర్మానం తర్వాత తీరిగ్గా నింపేదాన్ని. అది తప్పని నాకూ అనిపించలేదు, వాళ్లకూ అనిపించలేదు.

పోయిన నెల అశ్విత అనే అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. అదిగో, కిటికీ పక్కన కూర్చుంది. ప్రపంచంలో మహిళా సంఘాల చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. సంతలో అమ్ముకునేవాళ్ల సంఘాలు, బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లవి, మంత్రసానులవి, భర్త పోయినవాళ్లవి, ఏయే దేశాల్లో ఎన్నెన్ని ఉండేవో చెబుతుంటే పని మానేసి విన్నాను. సంఘం ఉండేదని తెలుసట, అందులో ఎవరు ఏం మాట్లాడారో మాత్రం తెలియదట. కాగితాలు కార్యదర్శి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటాయి, ఆమె పోయాక పొయ్యిలోకి పోతాయి. ఫోటో మిగిలినా దాని కింద ముఖ్య అతిథి పేరొక్కటే ఉంటుంది. "మన దగ్గర పుస్తకాలన్నా భద్రంగా ఉండాయి గదా ఆంటీ" అని ఆ పిల్ల సంబరపడింది. నేను టీ తెస్తానన్న నెపంతో లేచి లోపలికి వెళ్లాను.

ఎందుకంటే అశ్విత మా పల్లె సీతమ్మ మనవరాలు. సీతమ్మ భర్త కాంట్రాక్టరు దగ్గర జీతానికి ఉండి సారాయి అంగట్లో అమ్మేవాడు. అంగడి మూయించేటప్పుడు సీతమ్మ అడ్డం తిరిగిందని మా పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె పోయి పదేళ్లయినా ఆ మాట పోలేదు. అశ్విత ఆ అంగడి మూయించాలని తీర్మానించిన రోజు పేజీ తీసి, అవ్వ వేలిముద్ర మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. "చూడండాంటీ, మా అవ్వ కూడా ఒప్పుకునింది. ఏకగ్రీవమని రాసుండాది. ఊళ్ళో వాళ్ళు చెప్పేదంతా అబద్ధం" అంది. ఆ పేజీని తన పుస్తకంలో అచ్చు వేస్తానంది. నేను సరేనన్నాను. నెల రోజులుగా నిజం దాచాను.



అశ్వితా, అబద్ధం ఆ పేజీయేనమ్మా. రాసింది నేను. మీ అవ్వ ఒప్పుకోలేదు. అందరి మధ్యా లేచి నిలబడి, "అంగడి మూస్తే మీ ఇళ్ళు బాగుపడతాయి. నా పొయ్యి ఆరిపోతాది. దానికేం జెప్తారు?" అని అడిగింది. అరవైమందిమి ఉన్నాం, ఒక్కరమూ బదులు చెప్పలేదు. ఆమె లేచి వెళ్లిపోయింది. ఆమె వేలిముద్ర పైన నేను ఏకగ్రీవమని రాసుకున్నాను. ఆ ప్రశ్నను రాసి ఉంటే, తర్వాత మీటింగులోనైనా ఆ ఇంటి సంగతేమిటని ఎవరో ఒకరు అడిగేవారు. ఎవరూ అడగలేదు. నీ చేతిలో ఉన్న ఆ ఒక్క ఆధారాన్నీ ఇవాళ నేనే లాక్కుంటున్నాను. సిగ్గుగా ఉంది తల్లీ...

(జాన్‌బీ గారు ముందు వరుసలో లేచి నిలబడ్డారు)

"ఆగు రేణుకమ్మా. నీకు సగమే తెలుసు. ఆమె పోతా ఉంటే నేను ఎనకాలే పోయి తిట్టినాను. 'నీ పొయ్యి కోసం మా మొగోళ్ళు సావాల్నా' అన్నాను. ఆమె తెల్లారినాక మొగుడి మొలతాడుకుండే తాళంచెవి తీసుకోని, అంగడికి తాళమేసి, చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. 'నేను ఒప్పుకోలా. అయినా మూసినాను' అనింది. మేమంతా కేకలేసుకుంటా పొయ్యేటప్పటికే అది మూసుండాది. శాలువా నాకు కప్పినారు. నేను కప్పించుకున్నాను. ఎవురూ అడగలా, నేనూ చెప్పలా."

(రేణుకాదేవి గారు మళ్లీ మైకు అందుకుని)

కూర్చో అక్కా, మోకాళ్ల నొప్పితో ఎంతసేపు నిలబడతావు.

ఇక్కడ నేను రాసుకొచ్చిన కాగితం ఇంకో రెండు పేజీలుంది. అది చదవను. ఊరు మమ్మల్ని చూసి నవ్వకూడదని మా కొట్లాటలు దాచాను. వాటితోపాటు మాలో అందరికంటే గట్టి మనిషిని కూడా దాచేశానని ఇప్పుడు తెలిసింది. పాత పేజీ దిద్దే హక్కు నాకు లేదు. కానీ దయాసాగర్ గారూ, జాన్‌బీ అక్క చెప్పిన మాటలు చెప్పినవి చెప్పినట్టుగా ఇవాళ్టి మినిట్స్‌లో ఎక్కించండి. తీర్మానం చదివి వినిపించాకే వేలిముద్రలు వేయించుకోండి.

ఇన్నేళ్లు నన్ను ఆదరించిన మీ అందరికీ, ఇవాళ ఇంత కష్టమైన మాట చెప్పిన అక్కకు కృతజ్ఞతలు. అశ్వితా, నీ పుస్తకంలో ఇలా అచ్చు వెయ్యమ్మా: సీతమ్మ ఒప్పుకోలేదు. అంగడి మూసింది సీతమ్మే.

ఇక నాకు సెలవిప్పించండి.