దెబ్బల పుస్తకంలో నా చేతిరాత

"తాతగారూ, మా మేనేజరు నాకో కొత్త పని అప్పజెప్పి 'టేక్ ఎ వ్యాక్ ఎట్ ఇట్' అన్నాడండి. వ్యాక్ అంటే కొట్టడం కదా? ఎవర్ని కొట్టమంటాడు? మీరు మాస్టారుగా చేశారుగా, ఆ మాట సంగతేంటో చెప్పండి."

రా పాపా, కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగతా ఉండాది, ఈ బెంచీ మీద కూర్చో. మేడమీద బాడుగకు దిగి ఎన్ని నెల్లయింది నువ్వు? మూడా? మద్రాసులో ఈ వాషర్‌మెన్‌పేట్‌లో ముప్పైనాలుగేండ్లు తెలుగు చెప్పినాను, ఒక్కడన్నా వచ్చి నన్ను వ్యాక్ గురించి అడగలా. అడిగి ఉంటే చెప్పుండేవాణ్ణి. ఆ మాటని నేను రాసినన్ని సార్లు ఇంగ్లండు రాణి కూడా రాసుండదు.

నువ్వేం భయపడబాక. మీ మేనేజరు చెప్పింది వచ్చి, ఒకసారి చేసి చూడు అని. ప్రయత్నం. అంతేదా. ఆ మాటకి వాటా అని కూడా ఒక అర్థం ఉండాది. దొరలకి చూడు, కొట్టేదానికీ, ప్రయత్నం చేసేదానికీ, వాటా పంచుకునేదానికీ ఒకే మాట సరిపోయింది. వాళ్ళు మన దేశంలో చేసింది కూడా ఆ మూడేగదా.

మన మాటలు అట్ల కాదు. మొట్టికాయ, లెంపకాయ, జెల్లకాయ. చూసినావా, అన్నీ కాయలే! మనోళ్ళు దెబ్బల్ని కూడా కూరగాయల మాదిరి పేర్లు పెట్టి పిల్లోళ్ళకి వడ్డించినారు. అరవంలో ఒక సామెత ఉండాది, దెబ్బ చేసే సాయం అన్నదమ్ములు కూడా చెయ్యరని. మా పెద్దక్క మొగుడు, హార్బర్లో పని చేసేవాడు, ఆయన ఈ సామెత చెప్పి చెప్పి ముగ్గురు కొడుకుల్నీ బాదేవాడు. కడాకి ఆ ముగ్గురు అన్నదమ్ములూ ఒకడికొకడు సాయం చేసుకోకుండా పాయిరి. సామెత నిజమే అయిపోయిందనుకో.

ఏం చెప్తా ఉంటిని? ఆఁ, వ్యాక్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అయివార్లు కొట్టేదానికి లెక్కాపత్రం లేదు. బెత్తాలు సౌకార్‌పేటలో డజను రెండు రూపాయలు… కాదు కాదు, మూడు రూపాయలు. రెండు రూపాయలవి వెదురువి, రెండు రోజుల్లో చీలిపోయేవి. సరే, ఆ టైములో మాకొక కొత్త హెడ్మాస్టరు వచ్చె. ఆయనకి ఇంగ్లీషంటే ప్రాణం. వచ్చీ రాగానే ఒక పెద్ద పుస్తకం కుట్టించి, ఇంకమీద ఎవురు ఏ పిల్లోణ్ణి కొట్టినా ఇందులో ఎక్కించాల, అదీ ఇంగ్లీషులోనే ఎక్కించాల అనె. ఎందుకు సార్ అంటే, ఇన్‌స్పెక్టరు చదవాల గదా అనె. ఇన్‌స్పెక్టరు అరవాయన. హెడ్మాస్టరు తెలుగాయన. తన్నులు తినే పిల్లోళ్ళంతా తెలుగోళ్ళు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు!

మాలో సగం మందికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని ఆయనే ఒక అట్టముక్క మీద నాలుగు మాటలు రాసి స్టాఫ్‌రూములో మేకుకి తగిలించె. మొదటిది ట్యాప్, అంటే తట్టడం. రెండోది స్మాక్, అరచేత్తో ఒకటి. మూడోది వ్యాక్, కొంచిం గట్టిగా. నాలుగోది థ్రాష్, అంటే చితకబాదడం. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, 'ఇది ఎవ్వరూ రాయరాదు' అని రాసుండె. కొట్టరాదని కాదు పాపా, రాయరాదని!

ఆ పొద్దు నించి మా ఇస్కూల్లో చితకబాదడం అనేదే లేదు. కావాలంటే ఆ పుస్తకం తిరగేసి చూసుకోవచ్చు. బెత్తం విరిగినా వ్యాకే, వీపు వాచినా వ్యాకే. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, అబ్బ, ఎంత సాధువైన ఇస్కూలు అని కాఫీ తాగి పాయె. లెక్కల మాస్టరు ఒకాయన ఉండె, ఆయన ముందర పుస్తకంలో రాసేసి, ఆనేక పిల్లోణ్ణి పిలిచి కొట్టేది. రాసిందానికి న్యాయం చెయ్యాల గదా అనేది.

మా డ్రిల్లు మాస్టరుకి మాత్రం ఈ పుస్తకం పెద్ద తలనొప్పి ఆయె. ఆయనకి తెలుగు రాతే సరిగ్గా రాదు, ఇంగ్లీషు యాణ్ణించి వస్తాది? ఆయనకి వచ్చింది విజిలొకటే. నా అక్షరాలు చూస్తే ముత్యాల మాదిరి ఉంటాయి. సాయంత్రం బెల్లు కొట్టే పొద్దుకి ఆకులో ఒక బోండా కట్టించుకోని వచ్చి నా పక్కన కూర్చునేది. "సామీ, ఈ పొద్దు తొమ్మిది మంది" అనేది. ఎట్ల కొట్టినావయ్యా అంటే, "ఏదో ఒకటి వేసుకో సామీ, నీకు తెలీందా" అనేది. నేను బోండా కొరకతా తొమ్మిది వ్యాకులు రాసేది. అప్పుడు బోండా పది పైసలు, ఇంత లావు. ఇప్పుడు పదిహేను రూపాయలు పెట్టినా లోపల ఉర్లగడ్డ కనబడదు. అట్ల ఆయన కొట్టేది, నేను రాసేది. నేను ఒక్క పిల్లోణ్ణి కూడా కొట్టలేదని ఊరంతా చెప్పుకోని తిరిగేవాణ్ణి. ఎంత పుణ్యాత్ముణ్ణో చూడు.

ఏడో తరగతిలో చెంగల్రాయుడని ఒక పిల్లోడు. వాళ్ళమ్మ మునెమ్మ తొండియార్‌పేటలో వీధి చివర ఇడ్లీలు పోసేది. నాయన లేడు. వాడికి పద్యమంటే చెవి కోసుకునేంత ఇష్టం… చూడు, ఏం మాట వస్తా ఉండాదో నా నోట్లో. ఒక పొద్దు డ్రిల్లు పీరియడ్‌కి తెల్లబూట్లు లేకుండా పోయినాడు. ఉంటేగదా వేసుకునేది? డ్రిల్లు మాస్టరు అరచేత్తో ఎడమచెవి మీద ఒక్కటి ఇచ్చినాడు. ఇది ఎవురో చెప్తే విన్నది కాదు. నేను వరండాలో ఉండాను, చూస్తిని. పిల్లోడు చెవి మూసుకోని కూర్చుండె, వేళ్ళ సందులో నెత్తురు.

ఆ సాయంత్రం డ్రిల్లు మాస్టరు వచ్చె. ఆకులో రెండు బోండాలు. "సామీ, ఈ పొద్దు ఒకటే" అనె. ఎవురంటే, చెంగల్రాయుడు అనె. యాడ కొట్టినావంటిని. ఆయన కిటికీలో నించి బయటికి చూస్తా, "వీపు మీద అని వేసుకో" అనె. వీపు మీద ఒక వ్యాక్, అని ఇంగ్లీషులో గుండ్రంగా రాస్తిని. రెండు బోండాలూ తింటిని. రెండూ తింటిని పాపా. చల్లారిపోయినాయని కూడా విడిచిపెట్టలా.

వారం తిరక్కుండా మునెమ్మ వచ్చె, పిల్లోణ్ణి చెయ్యి పట్టుకోని. పెద్దాస్పత్రిలో చూపిస్తే ఎడమచెవి ఇంక వినపడదు అన్నారంట. ఆ యమ్మ ఏడవలా, అరవలా, దుడ్డు అడగలా. ఒక్కటే అడిగె. ఆ మాస్టర్ని మా వాడి తరగతికి రానియ్యబాకండి సామీ, ఇంకొక చెవన్నా మిగిలితే మా వాడు చదువుకుంటాడు అనె. ఇస్కూల్లో ఎవురూ వినకపోతే ఎవురి కాళ్ళో పట్టుకోని పైన అర్జీ పెట్టె. ఒక ఆఫీసరు విచారణకి వచ్చె.

ఆయన మంచాయనే, చెప్పుకోవాల. హెడ్మాస్టరు రూములో కూర్చోని పుస్తకం తెరిచి, చెంగల్రాయుడి వరస చదివి, "ఈ రాత ఎవరిది" అనె. నాది సార్ అంటిని. "ఇందులో ఏముందో ఆ అమ్మకి తెలుగులో చెప్పండి, నాకు తెలుగు రాదు" అనె. ఒకపక్క హెడ్మాస్టరు నన్నే చూస్తా ఉండాడు. నా ఉద్యోగం పర్మనెంటు కాగితం ఆయన సొరుగులో ఉండాది. ఇంట్లో మా ఆవిడకి నెలలు నిండినాయి. ఇవన్నీ ఇప్పుడు నీకు యాల చెప్తా ఉండానంటే, సాకులు గదా, ఎన్నేండ్లయినా చెడిపోవు.

నేను ఆ యమ్మ మొగం చూడకుండా చెప్తిని. "వీపు మీద ఊరికే అట్ల ఒకటి తట్టినారు తల్లీ, అంతేదా" అంటిని.

ఆ యమ్మ పిల్లోడి చెవి మీద చెయ్యి పెట్టె. "వీపు మీద తడితే చెవిలో నెత్తురు వస్తాదా సామీ?" అనె. మళ్ళా తనే, "మావాడు మీరు చెప్పిన పద్యాలే పడుకోని కూడా చెప్తా ఉంటాడు. మీరు అబద్ధం చెప్పరులెండి. చెవికి ముందే ఏదో జబ్బు ఉండుంటాది" అని పిల్లోణ్ణి తీసుకోని పాయె. హెడ్మాస్టరు ఆ మాటని ఇంగ్లీషులో చెప్తే, ఆఫీసరు అదే తన కాగితంలో రాసుకునె. నాకు రెండు నెల్లకి పర్మనెంటు వచ్చె. చెంగల్రాయుడు మళ్ళా ఇస్కూలుకి రాలేదు.

ఆనేక నాకు ఆ ఇంగ్లీషు మాట మీద పగ పుట్టింది. నా మీద పుట్టాల్సింది, మాట మీద పుట్టింది. రిటైరయినాక లైబ్రరీకి పోయి పెద్ద పెద్ద డిక్షనరీలు తిరగేస్తిని, ఈ వ్యాక్ యాణ్ణించి వచ్చిందా అని. గ్రీకునించి, లాటిన్‌నించి వచ్చిందని ఉంటాది, పెద్ద వంశమై ఉంటాది అనుకుంటిని. ఏమీ లేదు. దెబ్బ పడేటప్పుడు వచ్చే సద్దుని పట్టుకోని పుట్టిన మాట అయ్యుండచ్చు అని రాసుండె. థ్వాక్ అని దీనికొక పెద్దన్న ఉండాడంట, వాడూ సద్దులోనించి పుట్టినోడే. మన ఛెళ్ళు, ఫెడీ మాదిరి.

అది చదివి నాకు ఒకటి తోచె. ఆ సద్దు ఎవురికి వినబడింది? కొట్టించుకున్నోడికి చెవిలో గుయ్యిమంటాది గానీ వ్యాక్ అని వినబడదు. కొట్టేవాడు కోపంలో ఉంటాడు, వాడికీ వినబడదు. వినబడేది పక్కన నిలబడి చూసినోడికి. ఆ మాట పుట్టించినోడు వాడే, నాకు సందేహం లేదు. చెయ్యి అడ్డం పెట్టకుండా, సద్దు మాత్రం బాగా విని, ఇంటికి పోయి రాసుకున్నోడు. నా మాదిరోడు.

చెంగల్రాయుడు ఈణ్ణే ఉండాడు పాపా. మన వీధి మలుపులో మళిగ అంగడి ఉండాదే, నువ్వు పప్పులు తెచ్చుకుంటావు చూడు, ఆ అంగడాయనే. అరవై దాటింది వాడికి. ఎవురు పిలిచినా కుడిచెవి తిప్పతాడు, గమనించినావా? నలభై ఏండ్లుగా నేను ఆడికి పోతా ఉండాను. ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడి "అయివారూ" అంటాడు. నాకు వేసేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువే వేస్తాడు. వాళ్ళమ్మ పోయి చాన్నాళ్ళయింది. నాకూ ఎనభై దాటె. చెప్పకుండా పోతే ఎట్ల అని, పోయిన శుక్రవారం అంగట్లో ఎవురూ లేని టైము చూసుకోని పోతిని. వాడు తలొంచుకోని చీటీ ఏదో రాసుకుంటా ఉండాడు. నేను నిలబడినోణ్ణి నిలబడినట్టే మొదలుపెట్టి, ఆపకుండా చెప్పేస్తిని. పుస్తకం, బోండాలు, ఆఫీసరు, వాళ్ళమ్మకి నేను చెప్పిన అబద్ధం, అంతా. గుసగుసగానే చెప్తిని, బయట బస్సుల మోత. వాడు తలెత్తలా. అంతా అయినాక ఇటు తిరిగి, "అయివారూ, ఎంతసేపయింది వచ్చి? పిలవకూడదా? ఏమి కావాల?" అనె.

అప్పుడు చూసుకుంటిని, నేను నిలబడింది వాడి ఎడంపక్క.

నలభై ఏండ్లలో ఏ పొద్దూ ఆ పక్క నిలబళ్ళేదు నేను. ఆ పొద్దు కాళ్ళు అటు యాల పోయినాయో తెలీదు అని చెప్తే నువ్వు నమ్ముతావు. మునెమ్మ కూడా నమ్మింది. కుడిపక్కకి పోయి మళ్ళా మొదట్నించీ చెప్పచ్చు గదా అంటావు… అర కిలో కందిపప్పు అంటిని. కట్టిచ్చె.

సెరి, లేచి పో తల్లీ, పొద్దుపోయింది. మీ మేనేజరు ఇచ్చిన పని ధైర్యంగా చేసి చూడు, నీకు వస్తాది. ఒకరు తిన్న దెబ్బని చిన్నది చేసి రాయాల్సిన గతి మాత్రం నీకు ఎప్పుడూ రాకుండా, చల్లగా ఉండు…